కేకు రాక 11.07, పోక 11.24

రోజూ ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలకు మా బస్సు డిపో టైమ్ కీపరుకి కేకు తినాలనిపిస్తుంది. పదకొండూ ఇరవై నాలుగుకి అనిపించడం మానేస్తుంది. ఈ రెండు సమయాలూ ఆయన ఒక రిజిస్టరులో రాస్తాడు. రాక ఒక గడిలో, పోక ఒక గడిలో. ఆలస్యమైతే ఎర్ర సిరాతో కారణం. ఆరేళ్ళుగా రాస్తున్నాడు.

ఆయన బల్ల పక్కనే నా బల్ల. నేను డిపో గుమాస్తాని. గడిచిన ఇరవై నాలుగు గంటల్లో ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అన్న లెక్కను రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా టైపు చేసి హెడ్డాఫీసుకి పంపడం నా పని. తొమ్మిదేళ్ళు ఆయన పక్కన కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఆయనకున్న పిచ్చి ఒక్కటే. తీపి మీద కోరిక కూడా బస్సు లాంటిదే. దానికీ ఒక టైముంది. ఎక్కకుండా నిలబడితే దానంతటదే వెళ్ళిపోతుంది. ఇదీ ఆయన సిద్ధాంతం.

"ఎంతసేపు నిలబడాలండీ?" అని ఆయన ఆ రిజిస్టరు మొదలుపెట్టిన కొత్తలో నేను అడిగాను.

"పదిహేడు నిమిషాలు."

"పదిహేనో ఇరవయ్యో అంటే నమ్మొచ్చు. పదిహేడేమిటండీ?"

"పదిహేనంటే ఊహించినట్టు. పదిహేడంటే కొలిచినట్టు," అన్నాడు. నవ్వుతూ అనలేదు. ఆయన ఏదీ నవ్వుతూ అనడు. అప్పట్నుంచి ఆయన వెనక ఆయన పేరు పదిహేడు. ఎదురుగా అయితే పదిహేడు గారు.

మనిషి పొడుగ్గా, సన్నగా, గేటు పక్కన పాతిన స్తంభంలా ఉంటాడు. రెండు చేతులకీ రెండు వాచీలు. రెండూ ఒకే టైము చూపిస్తాయి. "మరి రెండెందుకండీ?" అంటే, "ఒకటి తప్పు చెబితే ఇంకోటి సాక్షి," అంటాడు. ఆయన టైము తప్పు రాయడం ఎవరూ చూడలేదు. ఒకసారి ఆయన సొంత కూతురి పెళ్ళికి ఆయనే నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, ఆ నాలుగు నిమిషాలకీ కారణం చీటీ మీద రాసి వియ్యంకుడి చేతిలో పెట్టాడని చెప్పుకుంటారు. వియ్యంకుడు ఆ చీటీ ఇంకా దాచుకున్నాడట.

ఆరేళ్ళపాటు ఈ పదిహేడు నిమిషాల గొడవ ఆయన ఒక్కడిదే. పదకొండూ ఏడుకి లేచి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగేవాడు. డిపో ప్రహరీ చుట్టూ రెండు చుట్లు తిరిగేవాడు. తిరిగొచ్చి గుప్పెడు వేరుశనగలు ఒక్కొక్కటే నమిలేవాడు. ఆ తర్వాత వాచీ చూసి, "పోయింది," అని పెన్ను తీసేవాడు. పోయిన బస్సుకైనా అంత నమ్మకంగా టిక్కు పెట్టేవాడు కాదు.

ఈ ఏడు కథ మారింది. ఏటా జరిగే వైద్య పరీక్షకి హెడ్డాఫీసు నుంచి డాక్టరమ్మ వచ్చి ఇరవై ఎనిమిది మంది డ్రైవర్ల రక్తం తీసుకుని వెళ్ళింది. వారం తిరక్కుండా పుకారు పుట్టింది. మన డ్రైవర్లలో ఒకరికి చక్కెర బయటపడిందట. మూడు నెలల సగటు ఎనిమిది పాయింట్ తొమ్మిదట. మళ్ళీ మూడు నెలలకి పరీక్ష చేస్తారట. అప్పటికి ఏడున్నర లోపలికి దిగితే సరేసరి, దిగకపోతే స్టీరింగు తీసేసుకుని బస్సులు కడిగే షెడ్డులో పడేస్తారట. అంకె ఎలా బయటికొచ్చిందో, పేరెందుకు రాలేదో ఆ పుకారుకే తెలియాలి. ఇరవై ఎనిమిది మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇరవై ఎనిమిది మందీ "నేను కాదు" అన్నారు.

ఆ వచ్చే సోమవారం పదిహేడు గారు డిపో మొత్తం మీద యుద్ధం ప్రకటించాడు.

మొదట వచ్చినవి పళ్ళు తోముకునే బ్రష్షులు. బస్సుల తాళాలు తగిలించే చెక్కకి ప్రతి మేకు కింద ఇంకో మేకు కొట్టించి, ఒక్కో దానికి ఒక్కో బ్రష్షు వేలాడదీశాడు. డ్రైవర్లకి, కండక్టర్లకి, మెకానిక్కులకి, మేనేజరుకి, నాకు, తనకి. మొత్తం నలభై మూడు. మధ్యాహ్నం భోజనమయ్యాక పళ్ళు తోముకుని రావాలి, నోరు పుక్కిలించిన చప్పుడు వినిపించాకే తాళం చేతికిస్తానన్నాడు.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళుగా ఎక్స్‌ప్రెస్ బస్సు డ్రైవరు. అతని నోరు కూడా ఎక్స్‌ప్రెస్సే, స్టాపులు తక్కువ. చాలా ఏళ్ళ కిందట ఒక డ్రైవరుకి చక్కెర జబ్బని తెలిస్తే 'షుగరు ఫ్యాక్టరీ' అని పేరు పెట్టింది అతనే. పాపం ఆ మనిషిని రిటైరయ్యేదాకా ఆ పేరు వదల్లేదు. వీడ్కోలు సభలో మేనేజరు కూడా దండ వేస్తూ పొరపాటున అదే పేరుతో పిలిచాడు.

"ఏమండీ పదిహేడు గారూ," అన్నాడు బావ ఆ సోమవారం, అందరూ వినేలా. "నేను పళ్ళు తోముకుంటే బండి స్టార్టవుద్దా?"

"ముందు తోముకో. తర్వాత చెబుతా."

బావ తోముకుని వచ్చాడు. పదిహేడు గారు క్యాంటీను నుంచి కేకు ముక్క తెప్పించి అతని ముందు పెట్టాడు. "తిను."

బావ కొరికాడు. కొరికినవాడు అలాగే ఆగిపోయాడు. "ఛీ! సబ్బు నమిలినట్టుందేంటండీ?"

"పేస్టు రుచి నోట్లో ఉండగా ఏ కేకైనా అంతే. ఇంకో అరగంట దాకా నీకు తీపి గుర్తు రాదు. ఇదిగో తాళం."

"మనల్ని మనుషుల్ని చేస్తున్నాడా, టూత్‌పేస్టు కంపెనీకి అల్లుళ్ళని చేస్తున్నాడా?" అని బావ అందరివైపూ తిరిగి అడిగాడు. అందరూ పడీ పడీ నవ్వారు. పదిహేడు గారు అతను ఉమ్మేసిన కేకు ముక్క టైము రిజిస్టరులో రాసుకున్నాడు.

బ్రష్షుల వ్యవహారం మొదటి వారంలోనే ఒక దెబ్బ తింది. ఒక మెకానిక్కు చేతికందిన బ్రష్షు తీసి నట్టుకి పట్టిన గ్రీజు గీకి, మళ్ళీ అదే మేకుకి తగిలించాడు. ఆ బ్రష్షు తాలూకు డ్రైవరు మధ్యాహ్నం కళ్ళు మూసుకుని తోముకున్నాడు. సాయంత్రం దాకా అతని బస్సులో ముందు సీటులో ఎవరూ కూర్చోలేదు. "పోనీలే, మైలేజీ పెరుగుద్ది," అన్నాడు బావ. పదిహేడు గారు మాత్రం ఆ బ్రష్షు మార్చి, మెకానిక్కుకి గ్రీజు కోసం విడిగా నలభై నాలుగో బ్రష్షు ఇచ్చాడు.

తర్వాత నిద్ర మీద పడ్డాడు. పొద్దున్నే డ్యూటీకొచ్చిన ప్రతివాణ్ణీ కిటికీలోంచి, "రాత్రి ఎన్ని గంటలు?" అని అడిగేవాడు. ఐదంటే ముఖం ముడుచుకునేవాడు. ఏడంటే తాళం ఇచ్చేవాడు. "నిద్ర చాలని ఒళ్ళు తీపి అడుగుద్ది. పొద్దున గుడ్డు తిన్నావా?"

"బన్ను తిన్నానండి."

"బన్ను తిన్నవాడికి పదింటికల్లా మళ్ళీ బన్ను కావాలి. రేపట్నుంచి గుడ్డు తిను. పప్పో, గుడ్డో, చేపో, ఏదో ఒకటి గట్టిది పడాలి కడుపులో. పునాది లేని ఇల్లు గాలికి ఊగుద్ది."

"నేను డ్రైవరునండి, మేస్త్రీని కాదు."

"అందుకే చెబుతున్నా. మేస్త్రీ ఊగితే ఒక్కడే పడతాడు. నీ వెనక యాభై మంది ఉంటారు."

అందరికంటే ఎక్కువ ఉడికిపోయింది క్యాంటీను పెద్దమ్మ. అద్దాల పెట్టెలో పొద్దున పెట్టిన కేకు ముక్కలు సాయంత్రానికి అలాగే ఉండేవి. "అయ్యా, నా పెట్టె చుట్టూ చీమలు కూడా రావడం మానేశాయి. వాటికి కూడా బ్రష్షులిచ్చారా ఏంటి?" అని గేటు దాకా వచ్చి నిలదీసింది. ఆయన ఆమెను పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. మర్నాటి నుంచి పెట్టెలో కేకుల పక్కన ఉడికించిన గుడ్లు, వేరుశనగలు, కోసిన జామకాయలు వచ్చాయి. అవి పన్నెండింటికల్లా ఖాళీ అయ్యేవి. ఆమె ముఖం మళ్ళీ విచ్చుకుంది.

ఆయన ఆమె చెవిలో చెప్పిన రెండో సంగతి ఆరు వారాల తర్వాత బయటపడింది. వేరే డిపో డ్రైవరొకడు దారిలో ఆగి మా క్యాంటీనులో టీ తాగి, "పెద్దమ్మా, ఇందులో చక్కెర మర్చిపోయావా?" అని అడిగాడు. ఆమె మర్చిపోలేదు. పెద్ద కెటిలుకి పన్నెండు చెంచాలు వేసేచోట వారానికి ఒక చెంచా తగ్గించుకుంటూ వచ్చింది. పన్నెండు ఆరయ్యింది. మిగతా నలభై రెండు నాలుకల్లో ఒక్కటీ పసిగట్టలేదు.

"ఇది మోసం!" అన్నాడు బావ.

"ఒకేసారి తీస్తే నాలుక తిరగబడుద్ది," అన్నాడు పదిహేడు గారు. "మెల్లిగా గేరు దించితే బండికే తెలీదు. నీకు నేను చెప్పాలా?"

మేనేజరు పుట్టినరోజు సంగతి కూడా చెప్పుకోవాలి. కేకు వచ్చింది. కొవ్వొత్తులు వెలిగించారు. మేనేజరు కత్తి పట్టుకున్నాడు. పదిహేడు గారు వాచీ చూసి, "ఇప్పుడు నాలుగూ ముప్పై మూడు. నాలుగూ యాభైకి కోద్దాం," అన్నాడు. పుట్టినరోజు పూట గొడవెందుకని మేనేజరు సరేనన్నాడు. కత్తి పట్టుకునే నిలబడ్డాడు. అందరం కేకు చుట్టూ శవం చుట్టూ నిలబడ్డట్టు నిలబడ్డాం. కొవ్వొత్తులు కరిగి క్రీము మీదికి దిగాయి. పదమూడో నిమిషంలో నేను ఉండబట్టలేక, "పైన ఉన్నది చెర్రీనా, ద్రాక్షా?" అన్నాను.

"తలుచుకున్నావు కాబట్టి మళ్ళీ మొదట్నుంచి లెక్క," అన్నాడాయన.

నలభై రెండు మంది నన్ను చూసిన చూపులు జన్మలో మర్చిపోను.

అంత చేసి, టైము పూర్తయ్యాక ఆయనే ప్లేట్లు పంచాడు. "పదిహేడు దాటాక కూడా కావాలనిపిస్తే దాన్ని ఆపక్కర్లేదు. తినండి. చిన్న ముక్క. కూర్చుని, నెమ్మదిగా, ఇంకో పని చేయకుండా తినండి." అప్పటికి తినాలనిపించినవాళ్ళు పదకొండు మందే మిగిలారు. వాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. బఠాణీ గింజంత ముక్కని నాలుగు నిమిషాలు తిన్నాడు.

ఇదే రోజుల్లో ఒక ఆదివారం అక్క నన్ను ఇంటికి పిలిపించింది. వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"ఒరేయ్, మీ బావ రోజుకి మూడుసార్లు పళ్ళు తోముకుంటున్నాడు. ఎవరికోసం?"

"డిపోలో అందరం తోముకుంటున్నామే అక్కా. టైమ్ కీపరు గారి రూలు."

"అన్నం తిన్నాక నడకంటూ వీధిలోకి పోతున్నాడు. ప్యాంటు వదులైందని కుట్టించుకొచ్చాడు. జేబులో చూస్తే జామకాయ. నలభై ఎనిమిదేళ్ళ మగాడు ఊరికే సన్నబడతాడట్రా?"

"అదీ టైమ్ కీపరు గారి..."

"నేను చేసిన కేకు ముట్టుకోలేదు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో మొదటిసారి. నిప్పు లేనిదే పొగ రాదు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆవిడెవరో కనుక్కో."

కనుక్కుంటానని మాటిచ్చి వచ్చాను. మర్నాడు డిపోలో బావని అడగబోతే, అతను బ్రష్షు నోట్లో పెట్టుకుని పదిహేడు గారి నడకని అనుకరిస్తూ కండక్టర్లని నవ్విస్తున్నాడు. ఇంత వెటకారం చేసేవాడి జేబులో జామకాయ ఎలా ఉంటుందని నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది.

రెండో పరీక్షకి పది రోజులుందనగా నేను ఘనకార్యం చేశాను.

పదిహేడు గారి బస్సుల రిజిస్టరు, కోరికల రిజిస్టరు ఒకే స్టోరు నుంచి వచ్చినవి. ఒకే అట్ట, ఒకే గళ్ళు. ఆ మధ్యాహ్నం రెండూ యాభైకి ఆయన బల్ల దగ్గర లేడు. ఇద్దరు మెకానిక్కుల్ని వెంటేసుకుని ప్రహరీ చుట్టూ తిరుగుతున్నాడు. పది నిమిషాల్లో రిపోర్టు పోవాలి. నేను పైనున్న రిజిస్టరు లాక్కుని, తెరిచి, టైపు చేసి పంపేశాను. తొమ్మిదేళ్ళు అదే పని చేసినవాడు చదవడు. కళ్ళు చూస్తాయి, వేళ్ళు కొడతాయి.

మూడో రోజు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

"మీ డిపో నుండి 'కేకు' అను సర్వీసు నడుచుచున్నట్లు తెలియవచ్చినది. ఈ రూటు ఎక్కడి నుండి ఎక్కడికి? పర్మిట్ నంబరు తెలుపవలెను. 'బిస్కట్టు' సర్వీసు పదిహేడు నిమిషములకే ఎందుకు ముగియుచున్నది? సాయంత్రం 4.10 'రెండో కేకు' రద్దగుట వలన ప్రయాణికులకు కలిగిన అసౌకర్యమునకు బాధ్యులెవరు?"

ఉత్తరం ఆయన చేతిలో పెట్టి, "క్షమించండి, నా వల్లే..." అన్నాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "అడిగినవన్నీ సరైన ప్రశ్నలే," అని అక్కడికక్కడే జవాబు రాశాడు. "కేకు రూటు: నోటి నుండి కడుపునకు. పర్మిట్ లేదు. అందువలననే నడుపుట లేదు."

ఈ జవాబు చూసి హెడ్డాఫీసులో ఎంతమంది నవ్వారో తెలియదు గానీ, నవ్వని ఒక ఆఫీసరు మర్నాడే దిగాడు. పొట్టి మనిషి, లావుపాటి ఫైలు. పదిహేడు గారి ఎదురుగా కుర్చీ వేసుకుని కోరికల రిజిస్టరు తెరిచాడు. కిటికీ బయట డిపో సగం పోగైంది.

"ఆఫీసు రిజిస్టరులో మీ నాలుక సంగతులా? సరే, మీవి మీరు రాసుకున్నారు. ఈ 'ఒకరు' ఎవరు? మూడు నెలలుగా రోజూ సాయంత్రం 4.10, ఒకరు, ఒకరు, ఒకరు."

"ఒకరేనండి."

"పేరు?"

"రాయలేదండి."

"ఎందుకు రాయలేదు?"

"రాస్తే చదువుతారు కదండీ."

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. "ఇలాంటి రిజిస్టర్లు ఇంకెన్ని ఉన్నాయి? ఆ కింది సొరుగు తాళం తీయండి."

అప్పటిదాకా రాయిలా ఉన్న మనిషి మొదటిసారి కదిలాడు. "అందులో రిజిస్టర్లు లేవండి."

"తీయండి."

తీశాడు. అందులో గుండ్రటి రేకు డబ్బా ఒకటి ఉంది. ఆఫీసరు మూత లాగాడు. లోపల గ్లూకోజు పొట్లాలు, చక్కెర బిళ్ళలు. డబ్బా నిండా.

కిటికీ బయటి నుంచి క్యాంటీను పెద్దమ్మ గొంతు వినిపించింది. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందన్నమాట! నా కేకుల బేరం మీద మట్టి కొట్టి, ఈయన సొరుగులో చక్కెర మూట కట్టుకున్నాడు!"

"మాకు బ్రష్షులు, ఈయనకి బిళ్ళలా?" అన్నాడు గ్రీజు మెకానిక్కు.

"ఇవి మీరు తింటారా?" అని అడిగాడు ఆఫీసరు.

ఆయన ఎప్పుడూ అబద్ధం రాయలేదని చెప్పాను కదా. చెప్పడం కూడా చేతకాదు. కాసేపు రెండు వాచీలూ చూసుకున్నాడు. "మీకు ఎలా తోస్తే అలా రాసుకోండి. కింద సంతకం పెడతాను," అన్నాడు.

ఆఫీసరు రాయడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు సవరించుకుంటూ రాస్తున్నదంతా పైకి చదివాడు. సిబ్బందిని వేధించుట, ఆఫీసు రిజిస్టరు దుర్వినియోగం. టైర్ల గోడౌనుకి బదిలీ చేయవలెనని సిఫార్సు. ఆ గోడౌను మేమంతా ఎరుగుదుం. అక్కడికి ఏ బస్సూ రాదు, అక్కణ్ణుంచి ఏ బస్సూ పోదు. టైమ్ కీపరుకి అంతకు మించిన శిక్ష ఉండదు. పదిహేడు గారు పెన్ను మూత తీసి సంతకానికి సిద్ధంగా కూర్చున్నాడు.

అప్పుడే ఎక్స్‌ప్రెస్సు గేటులోకి వచ్చింది. బావ దిగి జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చాడు. డబ్బాకి ఇతనేం పేరు పెడతాడోనని అందరూ అతని నోటివైపు చూశారు. బావ డబ్బా చూశాడు. ఆఫీసరు కాగితం చూశాడు. ఆయన చేతిలో పెన్ను చూశాడు. ఆ ఎక్స్‌ప్రెస్ నోరు అంతసేపు ఆగి ఉండడం నేను అంతకుముందు చూడలేదు.

"ఆ సంతకం ఆపండి," అన్నాడు. "ఆ ఒకరు నేనేనండి."

"నువ్వు ఊరుకో," అన్నాడు పదిహేడు గారు.

"మూడు నెల్లు ఊరుకున్నా." బావ చొక్కా జేబులోంచి గ్లూకోజు పొట్లం తీసి డబ్బా పక్కన పెట్టాడు. డబ్బాలోవాటికి అది కవల పిల్ల. "ఎనిమిది పాయింట్ తొమ్మిది నాదే. మాత్ర వేసుకున్నాక ఒక్కోసారి చక్కెర మరీ కిందికి పడిపోవచ్చంట. కళ్ళు తిరిగేలోపు ఇది నోట్లో పడాలంది డాక్టరమ్మ. బస్సులో ఒకటి, జేబులో ఒకటి, ఈయన దగ్గర డబ్బాడు." అని కిటికీవైపు తిరిగాడు. "చూస్తారేం? షుగరు ఫ్యాక్టరీ రెండో బ్రాంచి. నేనే పెట్టిన పేరు, నేనే మోస్తా."

ఎవరూ నవ్వలేదు.

డాక్టరు ఉత్తరం డబ్బా అడుగున ఉంది. ట్రిప్పుల మధ్య విశ్రాంతి ఇవ్వాలని టైమ్ కీపరు పేర రాసింది. ఆఫీసరు చదివాడు. "దీని మీద 'రహస్యముగా ఉంచవలెను' అని ఉంది."

"అందుకే ఉంచానండి."

"అది సరే. ఒక్కడి కోసం మిగతా నలభై రెండు మంది చేత పళ్ళెందుకు తోమించారు?"

పదిహేడు గారు పెన్నుకి మూత పెట్టాడు. "ఒక్కణ్ణే నడవమంటే అతను రోగి. అందర్నీ నడవమంటే నేను పిచ్చివాణ్ణి. పేరు పడితే అతనికి కష్టం, నాకేం? టైమ్ కీపరుకి పిచ్చి ఉండకూడదని ఏ రూల్లోనూ లేదు. నేను చూశాను."

"మరి ఇతనే మిమ్మల్ని అందరికంటే ఎక్కువ ఎగతాళి చేస్తాడని విన్నానే?"

"అది మా ఒప్పందమండి," అన్నాడు బావ తల దించుకుని. "నేను గమ్మునుంటే జనానికి అనుమానమొస్తదని ఈయనే తిట్టమన్నాడు. ఆ నడక ఎలా నడవాలో కూడా ఈయనే నేర్పాడు."

ఆఫీసరు తాను రాసిన సిఫార్సు కాగితం నాలుగు మడతలు పెట్టి తన జేబులోనే వేసుకున్నాడు. వెళ్తూ ఇంకో కాగితం మీద ఒక్క వాక్యం రాసిచ్చాడు: "రెండవ రిజిస్టరునకు వేరు రంగు అట్ట వేయవలెను."

క్యాంటీను పెద్దమ్మ టీ తెచ్చి పదిహేడు గారి ముందు పెట్టి, "చక్కెర వేయలేదు," అంది.

అక్కకి ఆ సాయంత్రమే నేను వెళ్ళి చెప్పాను. మాట పూర్తవకముందే గుండె మీద చెయ్యి వేసుకుంది. "షుగరేనా? హమ్మయ్య!" అంది. తర్వాత ఆ హమ్మయ్య అర్థం తనకే తెలిసొచ్చి కుర్చీలో కూలబడింది. బావ ఇంటికొచ్చాక గంటసేపు తిట్టింది. తనతో చెప్పకుండా దాచినందుకు ఒక అరగంట, ఆ టైమ్ కీపరుని కన్నీళ్ళొచ్చేలా వెక్కిరించినందుకు ఇంకో అరగంట. ఆయనకి కన్నీళ్ళు రాలేదని బావ అన్నాడు గానీ, అక్క వినలేదు.

వారం తర్వాత డాక్టరమ్మ వచ్చి రక్తం తీసుకుంది. నాలుగో రోజుకి అంకె వచ్చింది. ఆరు పాయింట్ ఎనిమిది. "మాత్రలు మావి, మిగతాదెవరిదీ?" అని ఆమె అడిగింది. పదిహేడు గారు బస్సుల రాకపోకలు రాసుకుంటూ తలెత్తలేదు. బావ ఎక్స్‌ప్రెస్సు టైముకే బయల్దేరింది.

ఆ తర్వాత ఒక విచిత్రం మొదలైంది. డిపోలో మనుషులు ఒక్కొక్కరే, చుట్టూ చూసుకుంటూ, ఆయన బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ముందు ఒక డ్రైవరు. తర్వాత ఒక కండక్టరమ్మ. తర్వాత గ్రీజు మెకానిక్కు. వంగి, గొంతు తగ్గించి, బయట రక్తం పరీక్ష చేయించుకుంటే వచ్చిన అంకె చెప్పేవారు. "ఎవరికీ చెప్పకండి," అనేవారు. ఆయన రిజిస్టరులో 'ఒకరు' అని రాసుకుని, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారని అడిగేవాడు. నా బల్ల పక్కనే కాబట్టి నాకు వినపడేది. నేనూ ఎవరికీ చెప్పలేదు.

నెల తిరిగేసరికి అలా వచ్చినవాళ్ళు ఏడుగురు. ఏడోవాణ్ణి నేను. అక్కకి ఇంకా చెప్పలేదు. నా అంకె ఏడు పాయింట్ నాలుగు.